పేరు లేని కొండ లేదు, అడగని గుమస్తానే ఉన్నాడు

పోస్టు పెద్దది, ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. ఒప్పుకోకపోతే కింద రాయండి, మాట్లాడుకుందాం.

బ్రిటన్ దీవిలో పడమటి పక్క వేల్స్ అని చిన్న దేశం ఉంది. ఇంగ్లండ్‌కి ఆనుకునే ఉంటుంది గానీ వాళ్ళ భాష వేరు, వెల్ష్. అక్కడ ఉత్తరాన ఎరెరి అనే కొండల ప్రాంతంలో ఎత్తున ఒక లోయ ఉంది. కొండలెక్కడానికి వచ్చే ఇంగ్లిష్ వాళ్ళు దాన్ని ‘నేమ్‌లెస్ కూమ్’ అని పిలవడం అలవాటు చేసుకున్నారు. అంటే పేరు లేని లోయ. నిజానికి దాని పేరు కూమ్ క్నైవియోన్. క్నైవియోన్ అంటే గొర్రెల ఒంటి మీద నుంచి కత్తిరించిన ఉన్ని. గొర్రెలు కాసిన వాళ్ళ మాట అది, పేరులోనే వాళ్ళ పని ఉంది. ఇంకో తమాషా చూడండి. లోయని చెప్పే ‘కూమ్’ కూడా వెల్ష్ మాటే. సగం పేరు అక్కడి వాళ్ళ దగ్గరే తీసుకున్నారు, మిగతా సగం అడక్కుండా ‘పేరు లేదు’ అనేశారు.

వేల్స్ సంగతి ఇక్కడ ఎందుకు అంటారా? మన గ్రూపులో కొండల పేర్ల మీద వాదన వచ్చినప్పుడల్లా మూడు మాటలు వినపడుతున్నాయి. ఒకటి: ‘సర్కారు రికార్డులు మనల్ని దోచుకోడానికి రాసినవి, వాటిలో మన పేర్లు వెతకడం అంటే దొంగ దగ్గరికెళ్ళి పోయిన సొమ్ముకి రసీదు అడగడమే.’ రెండు: ‘కాగితం మీద లేని పేరు చెల్లదు, ముసలోళ్ళ మాట ఆఫీసులో ఎవడు వింటాడు?’ మూడు: ‘ముందు పట్టాలు, ఉద్యోగాలు. పేర్లు తర్వాత చూద్దాం.’ ఈ మూడూ తప్పని మా వాదన. వేల్స్‌లో పాత భూమి రికార్డుల నుంచి కొండల పేర్లు ఎలా తేలుస్తున్నారో చూస్తే ఎందుకు తప్పో అర్థమవుతుంది.

ముందు ఆ రికార్డు ఎలా పుట్టిందో చెప్తాం. అప్పట్లో రైతు పండించిన దాంట్లో పదో వంతు చర్చికి ఇవ్వాలి. ధాన్యం, గొర్రెపిల్లలు, ఉన్ని, ఏదైనా సరే. దాన్ని టైత్ అంటారు. 1836లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసి, ఆ పదో వంతుని డబ్బు కట్టే పద్ధతికి మార్చింది. డబ్బు లెక్క కట్టాలంటే ఎవరి దగ్గర ఎంత భూమి ఉందో తెలియాలి కదా. అందుకని ఊరూరా కొలిచి మ్యాపులు గీశారు. ప్రతి భూమి ముక్కకీ ఒక నంబరు. మ్యాపుతో పాటు ఒక పట్టిక. అందులో భూస్వామి ఎవరు, సాగు చేసేది ఎవరు, ముక్క నంబరు, ముక్క పేరు, అందులో ఏం ఉంది, ఎన్ని ఎకరాలు, ఎంత కట్టాలి అని కాలమ్‌లు. మన అడంగల్ చూసిన వాళ్ళకి ఇది కొత్తేం కాదు. ఒక్క తేడా ఉంది. మన అడంగల్‌లో సర్వే నంబరు ఉంటుంది గానీ చెలకకి, చెలక పక్కన గుట్టకి ఊరోళ్ళు పిలిచే పేరు రాసే కాలమ్ లేదు. వాళ్ళ పట్టికలో ఉంది.

వేల్స్‌లో ఇలాంటి మ్యాపులు వెయ్యికి పైగా ఉన్నాయి. దేశంలో 95 శాతం నేల వాటిలోకి వచ్చింది. ఎక్కువ భాగం 1830ల చివర, 1840లలో తయారైనవే. ఇప్పుడు ఆబెరిస్త్‌విత్ అనే ఊళ్ళో ఉన్న వేల్స్ జాతీయ గ్రంథాలయం వాటిని స్కాన్ చేసి ఎవరైనా ఉచితంగా చూసేట్టు నెట్‌లో పెట్టింది. పట్టికల్లో చేతిరాతని చదివి కంప్యూటర్‌లో ఎక్కించడానికి మామూలు జనం స్వచ్ఛందంగా కూర్చున్నారు.

ఇప్పుడు కొండల దగ్గరికి వద్దాం. బ్రిటన్ మొత్తానికి మ్యాపులు గీసేది ఆర్డ్‌నెన్స్ సర్వే అనే సంస్థ. 1791లో మొదలైంది. దాని మ్యాపుల్లో వేల్స్‌లో ఎన్నో కొండలకి ఎత్తు అంకె ఉంటుంది గానీ పేరు ఉండదు. కొండల జాబితాలు తయారు చేసేవాళ్ళు అలాంటి చోట ‘పాయింట్’ అని రాసి పక్కన ఎత్తు వేసేవాళ్ళు. లేదంటే దగ్గర్లో ఉన్న పొలం ఇంటి పేరో, అడవి పేరో తెచ్చి కొండకి తగిలించేవాళ్ళు. ఆ తగిలించిన పేరు జాబితాలోకి, జాబితా నుంచి పుస్తకంలోకి, పుస్తకం నుంచి ఫోన్‌లోకి పోతుంది. ఇరవై ఏళ్ళు గడిస్తే అదే అసలు పేరు అనుకుంటారు.

దీన్ని సరిచేయడానికి కొందరు పట్టుకున్న దారి టైత్ మ్యాపు. శిఖరం ఇప్పటి మ్యాపులో ఎక్కడుందో చూస్తారు. అదే చోటు పాత టైత్ మ్యాపులో ఏ ముక్కలో పడుతుందో చూస్తారు. ముక్క నంబరు పట్టుకుని పట్టిక తెరుస్తారు. పేరు కాలమ్‌లో మోయిల్ అనో, బ్రిన్ అనో, కార్నెద్ అనో మొదలయ్యే మాట కనపడితే సగం పని అయినట్టే. మోయిల్ అంటే బోడికొండ, బ్రిన్ అంటే గుట్ట, కార్నెద్ అంటే రాళ్ళ కుప్ప. నూట డెబ్భై, నూట ఎనభై ఏళ్ళ కిందట ఒక కౌలు రైతు నోటితో చెప్పిన మాట పన్ను పుస్తకంలో అలా కూర్చుని ఉంది.

గమనించండి, ఆ పుస్తకం రైతు మీద ప్రేమతో రాసింది కాదు. వేల్స్ రైతుల్లో ఎక్కువమంది ఆ ఇంగ్లిష్ చర్చికి వెళ్ళేవాళ్ళే కాదు, వాళ్ళ ప్రార్థనా మందిరాలు వేరే. తాము వెళ్ళని చర్చికి పన్ను ఎందుకు కట్టాలని 1880లలో తిరగబడ్డారు. కట్టనివాళ్ళ పశువుల్ని జప్తు చేసి వేలం వేయడానికి వస్తే అడ్డుకున్నారు. 1887లో లాన్‌గూమ్‌లో, మోఖ్‌ద్రెలో పెద్ద గొడవలయ్యాయి, పోలీసులు, సైన్యం దిగారు. చరిత్రలో దాన్ని టైత్ యుద్ధం అంటారు. అంటే ఈ రికార్డు వాళ్ళకి కూడా దొంగ చేతి పుస్తకమే. అయినా వాళ్ళ మనవళ్ళు దాన్ని తగలబెట్టలేదు, తెరిచి చదివారు. రాసినవాడు ఎందుకు రాశాడన్నది ఒకటి, అందులో ఎవరి మాట దొరుకుతుందన్నది ఇంకొకటి. మొదటి వాదనకి ఇదే మా జవాబు. దొంగ రాసుకున్న లెక్కే కదా కోర్టులో దొంగని పట్టించేది?

అలాగని రికార్డునే దేవుడిని చేయొద్దు. రెండో మాట అనేవాళ్ళు ఇక్కడ జాగ్రత్తగా వినాలి. ఆ పుస్తకంలో తప్పులు బోలెడు. వెల్ష్ అక్షరమాలలో ‘వి’ అనే ఇంగ్లిష్ అక్షరం లేదు, ‘వ’ శబ్దానికి వాళ్ళు ‘ఎఫ్’ రాస్తారు. పైగా మాట ముందు ఏముందో దాన్ని బట్టి మొదటి శబ్దం మారిపోతుంది, మోయిల్ కాస్తా వోయిల్ అవుతుంది. భాష రాని గుమస్తా చెవికి ఎలా వినపడితే అలా ‘వి’ పెట్టి రాసుకుపోయాడు. ఇంకో చిక్కు, ముక్క పేరు అన్నిసార్లూ కొండ పేరు కాదు. కొండ పక్కన ఉన్న చిన్న మేత దొడ్డి పేరు కూడా కావచ్చు. కొండ మీద ఉమ్మడి మేత భూములు చాలా చోట్ల ఒకే పెద్ద ముక్కగా ఉంటాయి, అందులో మూడు శిఖరాలున్నా పట్టికలో ఒకే మాట ఉంటుంది. అందుకని శ్రద్ధగా పనిచేసేవాళ్ళు ఒక్క టైత్ పుస్తకంతో ఆగరు. పాత ఆరు అంగుళాల మ్యాపు చూస్తారు, జమీందారీ ఎస్టేట్ మ్యాపులు చూస్తారు. చివరికి కొండ కింద గొర్రెలు కాసే రైతు ఇంటి తలుపు కొట్టి ‘దీన్ని మీరేమంటారు, మీ నాన్న ఏమనేవాడు’ అని అడుగుతారు. కాగితం ఇచ్చిన పేరు, నోరు చెప్పిన పేరు కలిస్తే అప్పుడు రాస్తారు.

అడగడం ఎంత ముఖ్యమో ఆర్డ్‌నెన్స్ సర్వే కథే చెప్తుంది. ఆ సంస్థ మ్యాపులో వేసే ప్రతి పేరుకీ ఒక పేర్ల పుస్తకం రాసేది. ఏ పేరు, ఎన్ని రకాలుగా పలుకుతారు, ఎవరు చెప్పారు అని అందులో కాలమ్‌లు. మంచి పద్ధతే. కానీ ఎవరిని అడగాలి? 20వ శతాబ్దం మొదట్లో సర్వే సిబ్బందికి ఇచ్చిన సూచనల్లో భూస్వామినీ, ఊళ్ళో పరువున్న పెద్దలనీ అడగమన్నారు. చిన్న రైతులు, గుడిసెల్లో ఉండేవాళ్ళు తాముండే చోటి పేరు చెప్పినా నమ్మకూడదని రాశారు. తామున్న నేల పేరుకి తాము సాక్ష్యం కాదట! ఈ మాట చదివినప్పుడు మా రూములో ఎవరికీ వేల్స్ గుర్తుకు రాలేదు. జీపు దిగి, మన ఇళ్ళు దాటుకుంటూ పోయి, సంతలో షావుకారిని ‘ఆ కొండ పేరేంటి’ అని అడిగే సార్లే గుర్తొచ్చారు.

ఆ పేర్ల పుస్తకాల గతి ఏమైందో తెలుసా? ఇంగ్లండ్, వేల్స్‌లకి చెందిన వాటిలో చాలా భాగం సౌతాంప్టన్ ఊళ్ళో ఆ సంస్థ ఆఫీసులో ఉండేవి. 1940లో జర్మనీ బాంబులకి తగలబడిపోయాయి. టైత్ రికార్డు మాత్రం నిలిచింది. దాన్ని మూడు ప్రతులు రాసి మూడు చోట్ల ఉంచారు కాబట్టి. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, కింద మళ్ళీ పని పడుతుంది.

ఇక మూడో వాదన. పేర్లు తర్వాత చూద్దాం అనేవాళ్ళది. వేల్స్‌లోనూ ఇదే అన్నారు. 19వ శతాబ్దంలో అక్కడ బడుల్లో వెల్ష్ మాట్లాడిన పిల్లల మెడలో ‘వెల్ష్ నాట్’ అనే చెక్కముక్క వేలాడదీసేవాళ్ళు. ఇంకొకడు మాట్లాడితే వాడి మెడలోకి మారేది. సాయంత్రం ఎవరి మెడలో ఉంటే వాళ్ళకి దెబ్బలు. 1847లో ఇంగ్లిష్ కమిషనర్లు రిపోర్టు రాసి ఆ జనం వెనకబాటుకి వాళ్ళ భాషే కారణమన్నారు. భాష వదిలితే బాగుపడతారని చెప్పారు. 2021 జనాభా లెక్కల్లో వెల్ష్ వచ్చినవాళ్ళు 17.8 శాతం. హాస్టల్లో మన భాష నోట్లోంచి వస్తే నవ్విన నవ్వులు మనలో ఎవరు మర్చిపోయారు? మెడలో చెక్క లేదు, అంతే తేడా.

కానీ వాళ్ళు అక్కడ ఆగలేదు. 2009లో కార్నెద్ ఇఖవ్ అనే కొండకి తమ యువరాణి పేరు మీద కార్నెద్ గ్వెన్‌లియన్ అని పేరు సాధించుకున్నారు, సర్కారు మ్యాపులో వేయించారు. 2016లో వచ్చిన చట్టం కింద పాత స్థలాల పేర్లకి అధికారిక జాబితా ఏర్పడింది. 2017లో మొదలైనప్పుడే అందులో 3,50,000కు పైగా పేర్లు. వాటిలో టైత్ పట్టికల నుంచి తీసినవి చాలా ఉన్నాయి. 2022 నవంబరులో ఎరెరి నేషనల్ పార్క్ అధికారులు, వేల్స్‌లో అన్నిటికంటే ఎత్తైన 1,085 మీటర్ల కొండని ఇక స్నోడన్ అనం, అర్ విద్‌వా అంటాం అని తీర్మానించారు. అంతకుముందు 5,000 మందికి పైగా సంతకాలు పెట్టారు. విద్‌వా అంటే సమాధి దిబ్బ. రిటా అనే రాక్షసుడి సమాధి ఆ కొండ అని వాళ్ళ కథ. 2023 ఏప్రిల్‌లో దక్షిణాన ఇంకో పార్కు కూడా బన్నయ్ బ్రఖైనియోగ్ అన్న వెల్ష్ పేరునే వాడతామంది. పలకడం కష్టం, పర్యాటకులు రారు అని అరిచినవాళ్ళున్నారు. పేరు పలకడం రాని చుట్టం కోసం ఇంటివాడు పేరు మార్చుకుంటాడా?

ఈ అడగని జబ్బు మన దాకా ఎలా వచ్చిందో కూడా చూడండి. జార్జ్ ఎవరెస్ట్ పేరు అందరికీ తెలుసు. ఆయన కుటుంబానికి వేల్స్‌లోనే, ఇప్పుడు బన్నయ్ బ్రఖైనియోగ్ అంటున్న ప్రాంతంలో క్రిక్‌హోవెల్ దగ్గర ఎస్టేట్ ఉండేది. భారతదేశ సర్వేలో ఆయన మొదటి పనుల్లో ఒకటి కృష్ణా గోదావరి నదుల మధ్య అడవుల్లోనే. అక్కడ జ్వరం పట్టుకుని, కోలుకోవడానికి 1820లో దక్షిణాఫ్రికా కేప్‌కి పోవాల్సి వచ్చింది. తర్వాత, ఆయన స్థానంలోకి వచ్చిన అధికారి, స్థానిక పేరు దొరకలేదని చెప్పి ప్రపంచంలో అన్నిటికంటే ఎత్తైన శిఖరానికి ఎవరెస్ట్ పేరు పెట్టాలన్నాడు. 1865లో అదే ఖాయమైంది. టిబెట్ వాళ్ళు దాన్ని చోమోలుంగ్మా అంటారు. నా పేరు అక్కడి జనం పలకలేరు, పెట్టొద్దు అని ఎవరెస్టే అన్నా వినలేదు.

మన రికార్డుల్లో ఏముంది? కొండ పోరంబోకు. రిజర్వు ఫారెస్టు బ్లాకు, కంపార్ట్‌మెంట్ నంబరు. వేల్స్ జాబితాల్లో ‘పాయింట్’ అన్నది, మన దగ్గర ‘పోరంబోకు’ అన్నది ఒకటే జాతి మాటలు. పేరు లేదంటే అడిగేవాడు లేడని అర్థం. మన భాషే తీసుకోండి. గోండిలో, కోయలో మెట్ట అంటే కొండ. తెలుగు గుమస్తాకి మెట్ట అంటే నీళ్ళు పారని భూమి. కోయ తాత ఫలానా మెట్ట అని కొండనే చూపించి చెప్పినా, కాగితం మీదికి వచ్చేసరికి అది భూమి రకం అయిపోతుంది.

పొరుగున బస్తర్‌లో బైలాడిలా కొండల్ని చూడండి. ఇనుప ఖనిజం లెక్కలో ఆ కొండలకి డిపాజిట్ 1, డిపాజిట్ 2 అంటూ 14 దాకా నంబర్లు వేశారు. డిపాజిట్ 13 అన్న చోట నందరాజ్ ఉన్నాడు, మన గోండు కోయ జనం కొలిచే దేవుడు. 2019 జూన్‌లో వేలమంది ఆదివాసులు నడిచొచ్చి కూర్చున్నది ఆ నంబరు కోసం కాదు, ఆ పేరు కోసం. డిపాజిట్ అంటే తవ్వొచ్చు. నందరాజ్ అంటే ముందు అడగాలి. పేరుకి ఉన్న బలం అది.

కాబట్టి పట్టాలు ముందా, పేర్లు ముందా అనే ప్రశ్నే తప్పు. 2006 అటవీ హక్కుల చట్టం నియమాల్లో 13వది తీసి చదవండి. హక్కుకి సాక్ష్యంగా ఏవేవి చూపొచ్చో ఉంది. గెజిటీర్లు, జనాభా లెక్కలు, సర్వే సెటిల్‌మెంట్ రిపోర్టులు, మ్యాపులు, అటవీ రికార్డులు ఉన్నాయి. వాటితో పాటు, క్లెయిమ్ పెట్టినవాళ్ళు కాకుండా వేరే పెద్దలు చెప్పిన మాట రాసి పెట్టినా సాక్ష్యమే. ఉమ్మడి హక్కులకైతే పవిత్రమైన చెట్లు, వనాలు, చెరువులు, శ్మశానాలు కూడా లెక్కలోకి వస్తాయి. ఇంకా ముఖ్యమైనది, ఒకటి కాదు, ఒకటి కంటే ఎక్కువ సాక్ష్యాలు చూసి తేల్చాలని అదే నియమం చెప్తుంది. వేల్స్‌లో పేరు తేల్చేవాళ్ళు చేస్తున్నదీ అదే, కాగితం ఒక పక్క, నోరు ఒక పక్క. ముసలోళ్ళ మాట ఎవడు వింటాడు అనే అన్నకి జవాబు చట్టంలోనే ఉంది. వినాలి. కానీ రాసి పెట్టిన మాటనే వింటారు.

మనకీ వేల్స్‌కీ ఉన్న తేడా దాచం. వాళ్ళ భాషకి 2011 నుంచి చట్టంలో అధికారిక హోదా ఉంది. గోండి, కోయ, కువి, సవర ఎనిమిదో షెడ్యూల్‌లో కూడా లేవు. 2003లో చేర్చిన ఆదివాసీ భాషలు సంతాలీ, బోడో, అంతే. వాళ్ళ కౌలు రైతు పేరు పట్టికలో ఉంది, మన పోడు చాలా చోట్ల ఏ పుస్తకంలోనూ లేదు. అందుకే మన పని వాళ్ళకంటే కష్టం. అందుకే ఆలస్యం చేయకూడదు కూడా.

అసలు భయం ఇది. మేము మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్ళం. ఈ గ్రూపులో చాలామంది అంతే. అడంగల్ చదవగలిగిన, మ్యాపు మీద వేలు పెట్టి చూపించగలిగిన మొదటి తరం మనది. కొండకీ, కొండ మలుపుకీ, మలుపులో ఊటకీ పేరు తెలిసిన చివరి తరం మన తాతలది, అవ్వలది. ఈ రెండు తరాలూ ఒకే ఇంట్లో ఉండేది ఇంకో పదేళ్ళో పదిహేనేళ్ళో. ఆ తర్వాత కాగితం చదివేవాడుంటాడు, పేరు చెప్పేవాడుండడు. అప్పుడు ఎంత పోరాడినా చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

ఏం చేద్దాం అంటారా? వచ్చే సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు ఒక్కొక్కరు ఒక్క కొండ తీసుకోండి. ఒక్కటే. ఊరి మ్యాపు, దొరికితే పాత సెటిల్‌మెంట్ రిజిస్టరు, తెలంగాణ వాళ్ళైతే 1954–55 ఖాస్రా పహాణీ, సమాచార హక్కు దరఖాస్తు పెట్టి నకలు అడగండి. అందులో కొండకి ఏం రాశారో, తప్పుగానే రాసినా, ఉన్నదున్నట్టు ఎత్తి రాసుకోండి. తర్వాత ముగ్గురు పెద్దల్ని విడివిడిగా అడగండి. అవ్వల్ని తప్పకుండా అడగండి, ఆకు కూరకీ కట్టెలకీ ఆ కొండెక్కింది వాళ్ళే. వాళ్ళు పలికినట్టే రాయండి, తెలుగులో బాగా వినపడాలని దిద్దొద్దు. ఫోన్‌లో గొంతు రికార్డు చేయండి. ముగ్గురు మూడు పేర్లు చెప్తే మూడూ రాయండి, ఎవరు ఏది చెప్పారో కూడా. తర్వాత ఆ కాగితం గ్రామసభలో చదివి తీర్మానం చేయించండి. చివరగా మూడు ప్రతులు తీయండి. ఒకటి గ్రామసభ దగ్గర, ఒకటి అటవీ హక్కుల క్లెయిమ్ ఫైల్లో, ఒకటి మన దగ్గర. సౌతాంప్టన్ గుర్తుందిగా.

ఎవరైనా మీ కొండ ఫోటో పెట్టి ‘పేరు తెలియని గుట్ట’ అనో, ‘వ్యూ పాయింట్’ అనో రాస్తే ఊరుకోవద్దు. కింద పేరు రాయండి. ఎవరు చెప్పారో రాయండి. ఏ కాగితంలో ఉందో రాయండి. మొదటి కొండ వివరాలు మా రూము వాళ్ళమే ఈ గ్రూపులో పెడతాం. రెండోది ఎవరిదో కింద చెప్పండి.

జోహార్. జై ఆదివాసీ.